మా గ్రంథాలయంలో బోర్డు ఖాళీగా ఉన్న రోజులు

సర్వసృష్టికర్తయైన దేవునికి స్తోత్రం. మట్టితో మనిషిని చేసి, ఆ మనిషికి మొట్టమొదటి ఉద్యోగంగా జంతువులకు పేర్లు పెట్టే పని అప్పగించిన తండ్రికి మహిమ కలుగును గాక. ఆ భాగం చదివినప్పుడల్లా లోకంలో తొలి గ్రంథపాలకుడు ఆ తోటలోనే పుట్టాడని నాకు అనిపిస్తుంది. పేరు పెట్టడం, వరసలో ఉంచడం, ఏది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడం, మా వృత్తి కూడా ఇంతే. తేడా ఒక్కటే. ఆయన పేరు పెడితే ఏ జంతువూ చిన్నబుచ్చుకున్నట్టు లేఖనంలో లేదు. మేము పేరు పెడితే చిన్నబుచ్చుకున్న మనుషులు చాలామంది ఉన్నారు. వాళ్ళ గురించి రాయడానికి కూర్చున్నాను. నా చేత అబద్ధం రాయించవద్దని, మరీ ముఖ్యంగా నా చేత ప్రసంగం చేయించవద్దని ఆ తండ్రినే వేడుకొని మొదలుపెడుతున్నాను.

ఈ ఉద్యోగం అసలు ఏమిటి

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లల కోసం ఇది. చదువులో మీకు వర్గీకరణ నేర్పి ఉంటారు. ఎండాకాలంలో బీరువా తలుపు బిగుసుకుపోతే మోకాలితో ఎక్కడ తన్నాలో నేర్పి ఉండరు. దినపత్రిక వచ్చిన వెంటనే దానికి దారం కుట్టకపోతే సినిమా పేజీ ఒక ఊరికి, వ్యవసాయం పేజీ ఇంకో ఊరికి పోతాయని కూడా చెప్పి ఉండరు. అవన్నీ మీరే నేర్చుకుంటారు.

నేను పుట్టింది కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో. మా నాయన సంఘంలో ఉపదేశి. వారమంతా కూలి పని, ఆదివారం వాక్యం. ఉద్యోగంలో సగం కాలం కర్నూలు వైపు, మిగిలిన సగం కడప వైపు పనిచేశాను. ఆఖరున పనిచేసింది మైదుకూరుకూ బద్వేలుకూ మధ్య ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో. ఆ ఊరి పేరు రాయను. రాస్తే అక్కడ పేపరు బల్ల దగ్గర కూర్చునే పెద్దమనుషులు నన్ను బజారులో నిలదీస్తారు.

ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏమిటంటే, గ్రంథాలయంలోకి మనిషిని రానిచ్చేదీ రానివ్వనిదీ తాళం కాదు. గోడ మీద రాసి ఉండే మాట.

కర్నూలు వైపు నేను చేరిన మొదటి శాఖలో "సాధారణ పాఠకులు" అని ఒక బల్ల, "స్త్రీలు, బాలలు" అని ఒక బల్ల ఉండేవి. రెండో బల్ల పిల్లల కోసం చేయించింది కాబట్టి పొట్టిది. దాని ముందు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. ఐదుగురిని కన్న తల్లులు అక్కడ ముడుచుకొని కూర్చొని బొమ్మల కథలు తిరగేసేవాళ్ళు. దినపత్రిక కావాలంటే సాధారణ బల్ల దగ్గరికి పోవాలి. అక్కడ ఒక్క ఆడమనిషీ లేదు. అక్కడ "పురుషులు" అని ఎవరూ రాయలేదు, గమనించారా? "సాధారణ" అని రాశారు. ఏ విశేషణమూ అక్కర్లేని మనుషులు కొందరుంటారు. మిగిలినవాళ్ళందరికీ ఏదో ఒకటి తగిలిస్తారు.

నెలవారీ నివేదికలో పాఠకుల రకాలు రాయాలి. విద్యార్థులు, ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు, ఇతరులు. రైతు ఎక్కడ? ఇతరులు. హమాలీ? ఇతరులు. దర్జీ, బీడీలు చుట్టే ఆమె, గొర్రెలు మేపే ఆయన? అందరూ ఇతరులే. మా ఊళ్ళో ఇతరులు కాని వాళ్ళను వెతకాలంటే తాలూకా ఆఫీసుకు పోవాల్సి వచ్చేది.

పైకి చదివే పెద్దాయన

ఆఖరు ఊరి సంగతికి వస్తాను. అక్కడ పేపరు బల్లకు పుల్లారెడ్డి గారే రాజు. భూమి ఉన్న మనిషి. కళ్ళద్దాలకు ఒక పక్క దారం కట్టుకొని వచ్చేవాడు. ఆయన పేపరు తనకోసం చదివేవాడు కాదు. చుట్టూ చదువు రాని ముసలివాళ్ళు చేరేవాళ్ళు, వాళ్ళకు పైకి చదివి వినిపించేవాడు. మధ్యమధ్యలో పేపరులో లేనివి కూడా కలిపేవాడని నా అనుమానం.

మా నియమాల ప్రకారం వినేవాడు పాఠకుడు కాడు. చదివేవాడు గొంతెత్తితే నిశ్శబ్ద భంగం. ఆ విధంగా ఊళ్ళో అందరికన్నా శ్రద్ధగా గ్రంథాలయానికి వచ్చే గుంపు మొత్తం మా లెక్కల్లో లేదు. నేను మాత్రం వాళ్ళను ఆపలేదు. వినడం వల్ల విశ్వాసం పుడుతుందని నేర్చుకున్న ఇంట్లో పుట్టినదాన్ని నేను. మా అమ్మకు అక్షరం రాదు, అధ్యాయాలకు అధ్యాయాలు నోటికి వచ్చు.

జిల్లా కేంద్రం నుంచి మా పై అధికారి తనిఖీకి వచ్చేవారు. ఆయన్ని అందరం పెద్దసారు అనేవాళ్ళం. మొదటిసారి వచ్చినప్పుడు పుల్లారెడ్డి గారి గొంతు వీధిలోకే వినబడింది. పెద్దసారు లోపలికి వచ్చి, గోడ మీద "నిశ్శబ్దము పాటించండి" అన్న బోర్డు వేలితో చూపించారు.

"ఏమండీ పెద్దాయనా, ఆ బోర్డు కనబడలేదా?"

"కనపడింది సార్," అన్నాడు పుల్లారెడ్డి గారు. "వీళ్ళకు చదవను రాదు గదా. అందుకని దాన్ని గూడా పైకే చదివి చెప్పినా."

పెద్దసారు నవ్వారు. అప్పుడే నాకు ఆయన మంచివాడని తెలిసింది. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు మీకు ఆయన మీద కోపం వస్తుంది. చెడ్డవాడు కాదు. మాటల మీద ప్రేమ ఎక్కువ, అంతే.

గది

ఒక పథకం కింద మా శాఖకు ఒక గది మంజూరైంది. కొత్త బీరువా, పోటీ పరీక్షల పుస్తకాలు, పొడుగు బల్ల, చక్కని కుర్చీలు, బలే గాలి వచ్చే ఫ్యాను. ఊళ్ళో ఆ ఫ్యానుకు సాటి బ్యాంకులో కూడా లేదు. గుమ్మం మీద రేకు బోర్డు: "షెడ్యూల్డు, బలహీన వర్గాల పాఠకుల ప్రత్యేక కేంద్రం." ఆ పుస్తకాలు గది గడప దాటకూడదని నియమం. ఆ గది తలుపు ఉన్నది ఎక్కడనుకున్నారు? సరిగ్గా పేపరు బల్లకు ఎదురుగా.

ఒక్కరూ రాలేదు. ఆ కుర్చీలకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం కూడా చిరగలేదు.

పుల్లారెడ్డి గారి మనవరాలు లావణ్య డిగ్రీ ముగించి పరీక్షకు తయారవుతోంది. ఒకరోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏం మేడమ్మా, మా పాపకు ఆ గదిలో పుస్తకాలు ఇప్పియ్యరాదా?"

"గదిలో కూర్చొని చదువుకోవచ్చు పెద్దాయనా. ఎవురొద్దన్నారు?"

"బోర్డు వద్దనింది. మీకు కాదు పొండి అని రాసిండారు గదా."

"అట్ల యాడ రాసిండారు?"

"రాసేది ఒగటి, వినపడేది ఒగటి," అని పేపరు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎవరి కోసమని గది పెట్టారో వాళ్ళూ రాలేదు. ఎందుకు రాలేదో నాకు చెప్పింది సుజాత.

సుజాత ఉదయం మండీలో ఎర్రగడ్డలు, అంటే ఉల్లిపాయలు, ఏరే పనికి పోయి, మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చేది. అన్న తుమ్మలపల్లె గనిలో కాంట్రాక్టు పనిలో ఉన్నాడు, పరీక్ష ఫీజు అతనే కట్టాడు. ఆ ఏటితో ఆమెకు ఉద్యోగ పరీక్షల వయసు దాటిపోతుంది. అంటే రాయబోయేదే ఆఖరు పరీక్ష. తప్పితే ఎర్రగడ్డలే. ఇంత అవసరమున్న పిల్ల వచ్చి, ఆడవాళ్ళ పక్కన ఓ మూల కూర్చొని, చిరిగిపోయిన పాత పుస్తకం ఒకటి పట్టుకొని అదే మళ్ళీ మళ్ళీ చదువుతోంది.

"ఏం పాపా, కొత్త పుస్తకాలన్నీ ఆ గదిలో ఉండాయి గదా. పోయి ఆడ కూచ్చో. ఫ్యాను గూడా ఉండాది."

"తెలుసు మేడమ్. పోను."

"యాల?"

ఆమె గడ్డంతో పేపరు బల్ల వైపు చూపించింది. "ఆ బోర్డు కింద నుంచి నేను పోతే వాళ్ళంతా పేపరు పక్కన పెట్టి నన్ను చదువుతారు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"ఊర్లో అందరికీ తెలుసు నేనెవరో. మండీలో తెలుసు. ఈడ మాత్రం ఎవురూ అడగరు. రోజుకు కొంచేపన్నా ఉత్త సుజాతగా ఉందామని వస్తాండా మేడమ్. దానికి గూడా బోర్డు పెడితే ఎట్ల?"

ఆమె ఏ కులమో నేను ఇక్కడ రాయను. ఇంత కథ వచ్చిందే దానివల్ల.

అయ్యగారు పిలిచిన పేరు

సుజాత చెప్పింది నాకు వెంటనే అర్థం కావడానికి కారణం మా సంఘమే. గ్రంథాలయాన్ని తిట్టి గుడిని వదిలేస్తే న్యాయం కాదు కాబట్టి ఇదీ చెప్తాను.

ఒక క్రిస్మస్‌కు మా సంఘంలో చీరలు పంచారు. పాస్టరు అయ్యగారు ప్రసంగ పీఠం మీద నిలబడి, "ఇప్పుడు మన సంఘములోని నిరుపేద దిక్కులేని విధవరాండ్రు ముందుకు రావలెను" అని ఒక్కొక్క పేరు పిలిచారు. సంతోషమ్మ అనే ముసలామె పేరు వచ్చింది. చాప మీద ముందు వరసలోనే కూర్చొని ఉంది, కదల్లేదు. అయ్యగారు మళ్ళీ పిలిచారు.

"సంతోషమ్మా, ఇక్కడే ఉన్నావు కదమ్మా!"

"ఈడనే ఉండా అయ్యగారూ. మీరు పిలిచిన మనిషిని మాత్రం నేను కాదు. నాకు దిక్కు లేదని ఎవురు చెప్పినారు మీకు? పొద్దన్నుంచి ఆ దేవుని పాటలే పాడతాంటిమి గదా!"

సంఘమంతా నవ్వింది. అయ్యగారు కూడా నవ్వి, పీఠం దిగి వచ్చి, చీర ఆమె పక్కన పెట్టి నమస్కారం చేశారు. మరుసటి ఏటి నుంచి అయ్యగారి భార్య అమ్మగారు చీరలు ఇంటింటికీ వెళ్ళి, కూర గిన్నెతో పాటు ఇచ్చి వచ్చేది. అవే చీరలు, ఆ మనుషులే. పిలుపు మారింది.

మాట కోసం సమావేశం

గది ఖాళీగా ఉందని నివేదికలో చూసి పెద్దసారు వచ్చారు. సుజాత పేరు చెప్పకుండా ఆమె మాట ఆయనకు చెప్పాను. ఆయన కళ్ళు మూసుకొని విని, "నిజమే. బలహీన అన్న పదం బాధాకరం. మారుద్దాం," అన్నారు.

నేను చెప్పింది బోర్డు వద్దని. ఆయన విన్నది వేరే బోర్డు కావాలని.

బోర్డు రాసేది మస్తాన్. పెళ్ళిళ్ళ నుంచి ఎన్నికల దాకా ఊళ్ళో గోడలన్నీ ఆయనవే. నిచ్చెనేసుకొని వచ్చి "అణగారిన వర్గాల విజ్ఞాన వికాస కేంద్రం" అని రాశాడు. ఎవరూ రాలేదు. కొన్నాళ్ళకు పెద్దసారుకు "అణగారిన" కూడా నచ్చలేదు. ఈసారి "అవకాశ వంచితుల సాధికారతా కేంద్రం." మస్తాన్ రాయడం ఆపి నిచ్చెన మీద నుంచి కిందికి వంగి చూశాడు.

"మేడమ్, వంచితులంటే మోసపోయినోళ్ళే గదా?"

"అవును మస్తాన్."

"ఈ తలుపు మింద ఇది రాస్తే, లోపలికి పోయినోడు బయటికొచ్చి పోలీసు టేషన్‌కు పోతాడేమో మేడమ్! ఇంగొగటి. మీ సార్ మాటలు పెంచుకుంటా పోతాండాడు, రేకు మాత్రం అంతే ఉండాది. వచ్చేసారి అక్షరాలు చీమలంత రాయాల."

వచ్చేసారి రానే వచ్చింది. పాత మాట తుడిచేయమని ఫోను. మస్తాన్ రేకు మొత్తానికి తెల్లరంగు వేసి, "మాట చెప్పండి, రాస్తా" అని బ్రష్షు పట్టుకొని నిలబడ్డాడు. నేను ఫోను చేశాను.

"ఈసారి తొందరపడొద్దమ్మా," అన్నారు పెద్దసారు. "సరైన పదం కోసం ఒక సమావేశం పెడుతున్నాం."

మస్తాన్ నిచ్చెన చంకనేసుకొని వెళ్ళిపోయాడు. బోర్డు తెల్లగా, ఖాళీగా ఉండిపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం సుజాత వచ్చింది. గుమ్మం ముందు ఆగి, తలెత్తి, చాలాసేపు చూసింది.

"మేడమ్, ఇప్పుడీ గది ఎవురిది?"

"ప్రస్తుతానికి ఎవురిదీ కాదు పాపా."

"అట్లయితే నాది," అని చెప్పులు విడిచి లోపలికి పోయింది.

ప్లాస్టిక్ కాగితం చిరిగిన చప్పుడు నా బల్ల దాకా వినిపించింది. నా ఉద్యోగ జీవితంలో అంత తీయని చప్పుడు ఇంకోటి లేదు.

తెల్లబోర్డు కింద

రెండు మూడు రోజుల్లో లావణ్య వచ్చింది. దర్జీ కొడుకు వచ్చాడు, ఆశా కార్యకర్త ఒకామె వచ్చింది. సుజాతకు లెక్కలు బాగా వచ్చు, లావణ్యకు ఇంగ్లీషు వచ్చు. ఇద్దరూ ఒక పుస్తకం మీదే రెండు తలలు పెట్టి కూర్చునేవాళ్ళు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. గడప మీద రాసి లేనిది గుర్తుచేయాల్సిన అవసరం ఎవరికీ పడలేదు.

పుల్లారెడ్డి గారికి ఫ్యాను మీద మనసు పడింది. తన శ్రోతలందరినీ వెంటేసుకొని పేపరుతో సహా గదిలోకి దిగాడు. మొదటి వాక్యం పూర్తికాకముందే సుజాత తలెత్తింది.

"తాతా, ఈడ గట్టిగా చదవద్దు."

"ఏం పాపా, నీకు వార్తలు వద్దా?"

"పరీక్ష పాసైనంక వింటాలే."

జిల్లా అధికారి చెప్తే వినని మనిషి పేపరు మడిచి చంకలో పెట్టుకొని బయటికి వచ్చాడు. "పోలీసు ఉద్యోగానికి పనికొస్తాది ఆ పాప," అన్నాడు నాతో, కొంచెం కోపంగా, కొంచెం ముచ్చటగా.

అంతా బాగుందనుకుంటుండగా పెద్దసారు ఫోను. పదం దొరికింది. "సమ్మిళిత సామాజిక అభ్యున్నతి ప్రాంగణం." రేకు చాలదు సార్ అన్నాను. పెద్ద రేకు పంపిస్తానన్నారు. రంగు ఆరలేదు సార్ అన్నాను. ఆ ఎండల్లో గోడలే పగులుతుంటే రంగు ఆరలేదంటే ఎవరు నమ్ముతారు? ఆయనే బయలుదేరి వచ్చారు, ఒక చెడ్డ కబురుతో సహా. గదికి లబ్ధిదారులు లేరని వరసగా నివేదికలు పోయాయి కాబట్టి, ఈసారీ అంతే అయితే పుస్తకాలు, బీరువా జిల్లా కేంద్రానికి తరలించమని ఆదేశం.

చేతులెత్తమన్న రోజు

పరీక్షకు ఇంకా కొన్ని వారాలున్నాయి. పెద్దసారు గుమ్మంలో నిలబడి నిండిన గదిని చూసి మురిసిపోయారు. కళ్ళు చెమర్చాయి కూడా. "అద్భుతం! ఇదే కదా నేను కోరుకున్నది," అని పెన్ను తీశారు. "పుస్తకాలు తీసుకుపోవాలని ఆదేశం వచ్చింది బాబూ. కానీ ఇంతమంది ఉంటే ఎవరు తీసుకుపోతారు? లెక్క రాసుకుంటాను. మీలో ఈ పథకం లబ్ధిదారులు, అంటే ఆ వర్గాలకు చెందినవాళ్ళు, చేతులెత్తండి."

నేను గబగబా దగ్గరికి వెళ్ళాను. "సార్, సభ్యత్వ దరఖాస్తుల్లో ఆ వివరాలన్నీ ఉన్నాయి. నేను చూసి చెప్తాను, రండి," అని పక్కకు పిలిచాను.

"కాగితాలు ఎందుకమ్మా, మనుషులే ఎదురుగా ఉంటే," అన్నారు. ఆయన దృష్టిలో అది గౌరవం.

గదిలో ఎవరూ కదల్లేదు. బయట పేపరు బల్ల దగ్గర చదువు ఆగిపోయింది. అందరి ముఖాలూ ఇటు తిరిగాయి. పెద్దసారు మళ్ళీ అడిగారు. సుజాత బీరువా వైపు చూసింది. చేతి కింద ఉన్న పుస్తకం వైపు చూసింది. లేచి నిలబడింది.

"సార్, చెయ్యి ఎత్తకపోతే పుస్తకాలు పోతాయా?"

"నేను కాదమ్మా, నియమం అలా ఉంది."

"ఎత్తితే ఉంటాయి?"

"తప్పకుండా."

ఎత్తింది. మోచెయ్యి వంచకుండా, నిటారుగా. బయటివాళ్ళకు కూడా కనబడేటట్టు.

"రాసుకోండి సార్. నేనొగ మాట చెప్తా. మా బడిలో గూడా స్కాలర్‌షిప్పులకని ఇట్లనే లేపేటోళ్ళు. లేచి నిలబడితిమి, దుడ్లొచ్చినాయి, కాదనను. కానీ బడి అయ్యేదాకా మేము లేచినోళ్ళమే, తక్కినోళ్ళు కూచ్చున్నోళ్ళే. ఈడ చదువుకుంటాండే వాళ్ళ లెక్క కావాల్నంటే అది అడగండి సార్. ఎవురమూ దాక్కోం."

ఆమె చెయ్యి ఇంకా పైనే ఉంది. పెద్దసారు కళ్ళద్దాలు తీశారు, పెట్టుకున్నారు. తర్వాత చిన్నగా అన్నారు:

"సరేనమ్మా. ఈ గదిలో చదువుకుంటున్నవాళ్ళు ఎవరు?"

లావణ్య చెయ్యి లేచింది. దర్జీ కొడుకుది లేచింది. అందరివీ లేచాయి. గుమ్మం బయట మడిచిన పేపరు ఒకటి పైకి లేచింది.

"మీరు కూడానా పెద్దాయనా?" అన్నారు పెద్దసారు.

"నన్ను చదవనిస్తే గదా సార్! ఆ పాప నోరెత్తనియ్యల్యా. నన్ను వినేటోళ్ళ లెక్కలో రాసుకో."

పుస్తకాలు ఉండిపోయాయి. పెద్దసారు నాతో కూర్చొని దరఖాస్తులు చూసి, నివేదికకు కావలసిన అంకె అక్కడి నుంచే రాసుకున్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం మీద తెల్లరేకు చూసి, "దీన్ని ఇలాగే ఉంచితే ఆడిట్‌లో అడుగుతారు" అన్నారు. చివరకు మస్తాన్ వచ్చి "చదువుల గది" అని రాశాడు. "ఇంత చిన్న మాటకా మేడమ్ ఇంత సమావేశం?" అని అక్షరాలు మాత్రం ఎప్పుడూ రాయనంత పెద్దవి రాశాడు.

ఇక్కడితో ఆపితే మంచి సాక్ష్యం అవుతుంది, కానీ పూర్తి సాక్ష్యం కాదు. ఆ మరుసటి రోజు సుజాత రాలేదు. ఆ పైరోజూ రాలేదు. పేపరు బల్ల దగ్గర ఒకాయన, "ఓహో, ఆ పాప వాళ్ళ పిల్లనా" అనడం నేనే విన్నాను. పుల్లారెడ్డి గారు ఆయన్ని కసిరాడు, కానీ అన్న మాట అన్నట్టే ఉంది. సుజాత తిరిగి వచ్చినప్పుడు, "ఉత్త సుజాత అయిపోయింది మేడమ్. పుస్తకాలన్నా మిగిలినాయి," అని నవ్వి కుర్చీలో కూర్చుంది. ఆమె ఇచ్చిన వెల మా నివేదికలో ఏ గడిలోనూ పట్టలేదు.

నా అభిప్రాయం

నేను రిటైరయ్యాను. కాబట్టి ఎవరికీ భయపడకుండా చెప్తాను.

వర్గాల పేర్లు పూర్తిగా తీసేయమని అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆ పేరు ఫైల్లో లేకపోతే ఆ గది, ఆ ఫ్యాను, ఆ పుస్తకాలు మా ఊరికి వచ్చేవే కావు. అన్నీ "సాధారణ" బల్ల దగ్గరికే పోయేవి, ఎప్పుడూ పోయినట్టే. పేరు ఫైల్లో ఉండాలి, గట్టిగా ఉండాలి. గడప మీద ఉండకూడదు. ఇవ్వాల్సినవాడు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతిని తీసుకునేవాడి నెత్తిన మోపకూడదు.

మర్యాదగల పదం దొరికితే పని అయిపోయిందని కూడా అనుకోకండి. మా పెద్దసారు పదం మార్చిన ప్రతిసారీ నిజంగానే ప్రేమతో మార్చారు. లోపలికి రావడానికి మనిషి తనను తాను ఎవరికి అప్పజెప్పుకోవాలన్నదే అసలు ప్రశ్న. బోర్డు రాసేముందు, అది ఎవరి గురించో వాళ్ళ ముందు నిలబడి, పుల్లారెడ్డి గారిలా పైకి చదివి చూడండి. వాళ్ళ ముఖం చూడండి. మీరు తలదించుకోవాల్సి వస్తే, రేకు మీద తెల్లరంగు వేయించండి.

చివరగా

సుజాత, లావణ్య ఇద్దరూ పరీక్ష రాశారు. ఇది రాసే నాటికి ఫలితాలు రాలేదు. పోస్టులు కొన్నే, రాసినవాళ్ళు వేలల్లో. నిన్న పుల్లారెడ్డి గారు ఫోను చేశాడు.

"మేడమ్మా, మీ దేవునికి మా లావణ్య పేరు చెప్పు."

"చెప్తాండా పెద్దాయనా. సుజాత పేరు గూడా చెప్తాండా."

ఫోనులో పేపరు మడిచిన చప్పుడు వినబడింది. తర్వాత అన్నాడు: "ఇద్దరికీ వచ్చేటట్ల చెప్పు. ఒగరికే వచ్చేటట్లుంటే..." ఆగాడు. "మా పాపకు ఇంకా వయసుండాదిలే."

ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఫోనులోనే తెలిసింది. దేవుడు ఎవరి నోట ఎప్పుడు పలుకుతాడో మనం చెప్పలేం.

ఇది చదువుతున్నవాళ్ళు ఏ విశ్వాసంలో ఉన్నా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. పెద్ద మాటలు అక్కర్లేదు, పెద్ద మాటలతో నేను విసిగిపోయాను. ప్రేమగల తండ్రీ, సుజాతకు ఉద్యోగం ఇయ్యి అని అడగండి. ఏ సుజాత, ఎవరి పిల్ల అని ఆయన అడగడు. నువ్వు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆమె నీ ముందు చెయ్యి ఎత్తాల్సిన పని లేదు, నీకు తెలుసు అని చెప్పండి. ఆమేన్.